కూల్‌డ్రింక్ సీసాలో పురుగుమందు

ప్రశ్న: మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. మేడ మీద కుండీల్లో వంగ, బెండ, మిరప, ఒక బీరపాదు పెంచుతున్నాను. వంకాయలన్నీ పుచ్చులే. మందుల షాపులో అడిగితే పెద్ద డబ్బాలోంచి చిన్న కూల్‌డ్రింక్ సీసాలోకి ఏదో వంచి, "ఇది కొట్టండి మేడమ్, రెండ్రోజుల్లో పురుగన్నది ఉండదు" అని ఇచ్చాడు. పేరు లేదు, కాగితం లేదు. కిరసనాయిలు లాంటి వాసన. లీటరు నీళ్లలో రెండు మూతలు పోస్తే పాలలా తెల్లగా అయింది. కొట్టిన రెండో రోజునే నాలుగు కాయలు కోసి గుత్తివంకాయ చేశాను, అందరం తిన్నాం. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఇప్పటికి పది రోజులైంది. మాకు నాలుగేళ్ల బాబున్నాడు. ఈ మందుల్లో అసలేం ఉంటుంది? ఎంతవరకు సేఫ్? రైతుబజారులో కొన్న కూరగాయలు ఎలా కడగాలి? 2020లో వెంకటాపురం గ్యాసు లీకైన తెల్లవారుజామున పిల్లాణ్ణి కడుపులో పెట్టుకుని పరుగెత్తినదాన్ని. కెమికల్ అన్న మాట వింటేనే నాకు గుండెదడ. మా అత్తగారేమో "బూడిద చల్లితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా" అంటారు. మీరేమంటారు? (పేరు వేయవద్దు)

జవాబు: అమ్మా, ఇది చదవడం ఇక్కడ ఆపి, ఆ సీసా ఎక్కడుందో ముందు చూసి రండి. మీ ఉత్తరంలో వంకాయల గురించి ఉంది, కూర గురించి ఉంది, అత్తగారి బూడిద కూడా ఉంది. సీసాలో మిగిలిన మందు ఎక్కడ పెట్టారో మాత్రం లేదు. సింకు కిందో, మేడ మెట్ల దగ్గరో, పాత చెప్పుల పక్కనో ఉండి ఉంటుంది. నాలుగేళ్ల పిల్లాడికి కూల్‌డ్రింక్ సీసా అంటే కూల్‌డ్రింకే. దాన్ని ఇంకో మూతగట్టి డబ్బాలో పెట్టి, పైన "విషం" అని పెద్ద అక్షరాలతో రాసి, తాళం వేసే చోట ఎత్తులో పెట్టండి. సింకులోనో బాత్రూములోనో పారబోయకండి. మన కాలువలన్నీ ఏదో ఒక గెడ్డలో కలిసి సముద్రానికే పోతాయి, చేపలకి ఈ మందులు మనకన్నా ఎన్నో రెట్లు విషం. ఇచ్చిన షాపుకే తిరిగి పట్టుకెళ్లండి, పెద్ద డబ్బా మీది లేబుల్ ఫోనులో ఫొటో తీసుకోండి. అసలు డబ్బా విప్పి, లేబుల్ లేకుండా విడిగా వంచి అమ్మడం తప్పు. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాడు కంపెనీ సీలుతో, లేబుల్‌తో, బిల్లుతో అమ్మాలి. వెనక్కి తీసుకోనంటే మామూలు చెత్తలో కలపకుండా, ప్రమాదకర చెత్త అని చెప్పి మున్సిపాలిటీ వాళ్లకి విడిగా ఇవ్వండి.

ఇంత గాభరా పెడుతున్నాడేంటి అనుకోకండి. 2013 జులై 16న బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్. నూనె ఉంచిన డబ్బా ఒకప్పుడు పురుగుమందుదని తేలింది. చేలో కొట్టిన మందు కూరగాయ ద్వారా వచ్చి అంతమందిని చంపలేదు. డబ్బా మారి చంపింది.

ఇక ఆ సీసాలో ఏముందో చూద్దాం. పేరు నేను చెప్పలేను గానీ మీరు రాసిన రెండు గుర్తుల వల్ల దాని జాతి తెలుస్తోంది. కిరసనాయిలు వాసన, నీళ్లలో పోయగానే పాలలా తెల్లబారడం. ఇలాంటి నూనె మందుల్ని షాపుల్లో ఈసీ అంటారు. పురుగుల్ని చంపే అసలు మందు చాలావాటికి నీళ్లలో కరగదు. అందుకని దాన్ని ముందు పెట్రోలియం నుంచి తీసిన ద్రావకంలో, అంటే జైలీన్ లాంటివాటిలో కరిగిస్తారు. మీకు కొట్టిన వాసన చాలావరకు దానిదే. నూనె, నీరు కలవవు కదా, అవి కలిసేలా సబ్బులాంటి ఎమల్సిఫయర్ ఒకటి వేస్తారు. మీరు నీళ్లలో పోసినప్పుడు ఆ నూనె కోట్ల చిన్న బొట్లుగా విడిపోయి తెల్లగా కనిపించింది. డబ్బా మీద "క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ" అని ఉందంటే అసలు మందు 20 పాళ్లు, మిగతా 80 ఈ ద్రావకం, ఈ సబ్బు. ఆ 80 పాళ్లలో ఏముందో లేబుల్ మీద వివరంగా రాయరు. నా మటుకు నాకు ఇది ఎప్పుడూ నచ్చలేదు. ఎందుకంటే ఆ ద్రావకం కూడా ఒట్టి నీళ్లు కాదు. మింగినవాళ్లకి వాంతి చేయించకూడదని డాక్టర్లు చెప్పేది సగం దాని వల్లే. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి జారితే మందుకన్నా ముందు అదే ప్రాణం మీదకి తెస్తుంది.

అన్నీ ఇలాగే ఉండవు. నీళ్లలో తేనెలా కరిగిపోయేవి ఎస్ఎల్ మందులు, ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం అలాంటిదే. తెగుళ్లకి వాడే మాంకోజెబ్ 75 శాతం పసుపుపచ్చని పొడి, బంకమట్టి లాంటి పొడితో కలిపి ఉంటుంది. దాంతో ఇబ్బంది ప్యాకెట్ కత్తిరించే క్షణంలోనే, గాల్లోకి లేచి ముక్కులోకి పోతుంది. గుళికలు వేరు, అవి మట్టిలో వేసేవి.

అసలు మందుల సంగతికొస్తే, వాటిలో పెద్ద కుటుంబాలు మూడు నాలుగున్నాయి. వాటి పుట్టుక తెలిస్తే మీ "సేఫా కాదా" అన్న ప్రశ్నకి సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

మొదటిది ఆర్గానోఫాస్ఫేట్లు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మలాథియాన్ ఈ ఇంటివే. 1930లలో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగుల మందు కోసం వెతుకుతూ 1936లో టాబున్ అనే పదార్థం తయారుచేశాడు. అది మనుషులకే ఎంత విషమో తెలిసి సైన్యం దాన్ని యుద్ధవాయువుగా పట్టుకుపోయింది. మన పొలాల్లోకి వచ్చినవి దాని దూరపు చుట్టాలు. నరానికీ కండకీ మధ్య కబురు మోసే ఎసిటైల్‌కొలిన్ అనే పదార్థం ఉంటుంది. కబురు చేరాక దాన్ని తుడిచేసే ఎంజైమ్ ఒకటుంది. ఈ మందు ఆ తుడిచేవాణ్ణే కట్టిపడేస్తుంది. ఇక కబుర్ల మీద కబుర్లు, ఆపేవాడు లేడు. పురుగు గిలగిల్లాడి చస్తుంది. ఆ ఎంజైమ్ మనకీ ఉంది.

అదెలా ఉంటుందో నాకు తెలుసు. 1990లలో వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన రోజులు. సాలూరు వైపు ఒక పత్తి చేలో రైతులకి మందు కొట్టడం చూపించడానికి వెళ్లాను. తొడుగులు లేవు, మూతికి తువ్వాలు కూడా లేదు, పైగా కుర్రతనం. స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతే విప్పి నోటితో ఊదాను. అక్కడందరూ చేసేదే అది. మందు వాసనకి ముక్కు చిట్లిస్తే పక్కనున్న ముసలి కూలీ నవ్వాడు, "వాసనొస్తంటే మందు పన్జేస్తన్నట్టే బాబూ." గంట తర్వాత నోట్లో ఆగకుండా ఉమ్మి ఊరడం మొదలైంది. చెమటలు. మిట్టమధ్యాహ్నం పన్నెండుకి చేనంతా సాయంత్రం ఆరైనట్టు మసక కమ్మింది. మబ్బేసిందనుకున్నాను. మబ్బు కాదు, కంటిపాప సూదిమొనంత అయిపోయి వెలుతురు లోపలికి పోవడం లేదు. ఆసుపత్రిలో అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండ్రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత నేనే ఊరికీ తొడుగులు లేకుండా వెళ్లలేదు. వెళ్లిన ప్రతి ఊళ్లో నాజిల్‌ని పిన్నీసుతోనో నోటితోనో కాదు, నీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయమని చెప్పాను. విన్నవాళ్లు తక్కువే.

రెండోది పైరెత్రాయిడ్లు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, మీ పడగ్గదిలో దోమల మెషీన్‌లో ఉండే ట్రాన్స్‌ఫ్లూత్రిన్ అన్నీ ఈ కోవే. వీటి తల్లి ఒక జాతి చామంతి పువ్వు. ఆ పువ్వులోని పైరెత్రమ్ ఎండకి తొందరగా విరిగిపోతుంది. ఎండకి తట్టుకునేలా దాని నమూనాలోనే ల్యాబుల్లో చేసినవి ఇవి. మనిషి శరీరం వీటిని త్వరగా విరిచేస్తుంది, కాబట్టి ఆర్గానోఫాస్ఫేట్లంత భయం లేదు. ఒంటి మీద పడితే చీమలు పాకినట్టు చిమచిమలాడుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఊపిరి పట్టేస్తుంది. చేపలకీ తేనెటీగలకీ మాత్రం యముడే. ఇంట్లో చేపల తొట్టి ఉంటే దోమల స్ప్రే కొట్టేముందు మూత పెట్టండి.

మూడోది నియోనికోటినాయిడ్లు, పేరులోనే నికోటిన్ ఉంది. మా నాయనమ్మ చుట్ట తాగేది, మన వైపు ఆడవాళ్ల పాత అలవాటే అది, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ. మిగిలిన పొగాకు కాడలు నానబెట్టి ఆ నీళ్లు బీరపాదుకి చల్లేది. పేనుబంక రాలిపోయేది. ఎంతో సహజమైన మందు కదా! ఆ నీళ్లలో ఉన్న నికోటిన్ ఇవాళ్టి ఇమిడాక్లోప్రిడ్ కన్నా మనుషులకి ఎక్కువ విషం. చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ పురుగు నరానికి అతుక్కున్నంత గట్టిగా మన నరానికి అతుక్కోదు, అందులో ఉన్న కిటుకు అదే. తేనెటీగల గోడు వేరే ఉంది. 2018లో యూరప్ ఇమిడాక్లోప్రిడ్‌నీ దాని ఇద్దరు అన్నదమ్ముల్నీ ఆరుబయట పొలాల్లో వాడొద్దని ఆపేసింది, తేనెటీగల కోసమే.

అంచేత "సహజం", "కెమికల్" అన్న గీత మీద నాకు పెద్ద నమ్మకం లేదమ్మా. ద్రాక్షతోటలకీ కొబ్బరికీ కొట్టే బోర్డో మిశ్రమం సేంద్రియ రైతులూ వాడతారు. అందులో ఉండేది మైలుతుత్తం, సున్నం. మైలుతుత్తం నోట్లో పడితే తెలుస్తుంది ఎంత సహజమో. మీ వంటింటి ఉప్పూ కెమికలే. ఆ రోజు వెంకటాపురంలో కమ్మింది స్టైరీన్, అది ప్లాస్టిక్ తయారీకి వాడేది, పురుగుమందు కాదు. మీ భయాన్ని నేను తీసిపారేయను, ఆ తెల్లవారుజాము చూసినవాళ్లు అలా భయపడటం సబబే. కానీ ఏది, ఎంత, ఎక్కడి నుంచి ఒంట్లోకి పోతోంది అన్న మూడు ప్రశ్నలు వేయకపోతే భయం తప్పు చోట కూర్చుంటుంది. మీ ఇంట్లో అది కూరలో కూర్చుంది, సీసాలో కూర్చోవాల్సింది.

ఎంత అన్నది లెక్కేసి చూపిస్తాను. మన దేశంలో ప్రతి పురుగుమందు డబ్బా మీదా మూలకి నిలబెట్టిన చదరం ఒకటుంటుంది, కింది సగంలో రంగు. ఎరుపైతే ఎలుకల్లో సగం చావడానికి కిలో బరువుకి 50 మిల్లీగ్రాములు కూడా అక్కర్లేదని. పై సగంలో పుర్రె బొమ్మ ఉంటుంది. పసుపైతే 51 నుంచి 500. నీలమైతే 501 నుంచి 5,000. ఆకుపచ్చైతే 5,000 దాటితేగానీ సగం చావవు. మోనోక్రోటోఫాస్ 36 శాతం మందు ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లలో దాదాపు 1,800 మిల్లీగ్రాముల అసలు విషం ఉంది. మీ బాబు 15 కిలోలుంటాడనుకుందాం, కిలోకి 120. ఎరుపు హద్దుకి రెట్టింపు పైన. ఒక గుక్క కూడా కాదు, ఒక చెంచా.

ఇప్పుడు కూరగాయ వైపు చూడండి. ఒక పంటకి ఒక మందు ఎంత మిగలొచ్చో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హద్దులు పెట్టింది. విడిగా హద్దు చెప్పని చోట సాధారణంగా కిలోకి 0.01 మిల్లీగ్రాము. అంటే పది లారీల కూరగాయల్లో, వంద టన్నుల్లో, ఒక్క గ్రాము. ఈ హద్దులు పెట్టేటప్పుడు చూసే లెక్క ఒకటుంది. జంతువులకి జీవితాంతం రోజూ పెట్టినా ఏ హానీ కనపడని మోతాదు తీసుకుని, దాన్ని మామూలుగా వందతో భాగిస్తారు. ఆ వందోవంతు మనిషి రోజూ తిన్నా పర్వాలేదనుకునే కొలత. హద్దు దాటిన ఒక వంకాయ తింటే మనిషి పడిపోడు, వంద రెట్ల వెసులుబాటులో కొంత కరిగింది, అంతే. రోజూ కరిగిస్తూ పోవడం మాత్రం మంచిది కాదు.

ఆ రంగుల లెక్క ఒక్కపూటలో చంపే విషానికే. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోతే ఏమవుతుందో రంగు చెప్పదు. క్లోర్‌పైరిఫాస్‌కి 2020లో యూరప్ అనుమతి ఆపేసింది, కడుపులో ఉన్న బిడ్డ, చిన్నపిల్లల మెదడు ఎదుగుదల మీద అనుమానంతో. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందుని 2011 మేలో మన సుప్రీంకోర్టు ఆపింది, కేరళలో కాసరగోడ్ జీడితోటల ఊళ్ల గోడు వినీ వినీ. గ్లైఫోసేట్ కలుపుమందుకి రంగు చూస్తే ప్రమాదం తక్కువే. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో "బహుశా క్యాన్సర్ కారకం" అంది. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు మామూలు వాడకంలో ఆ ప్రమాదం లేదన్నాయి. ఒకరు కత్తికి పదునుందా అని చూశారు, ఇంకొకరు మామూలుగా కూరగాయలు తరిగితే చెయ్యి తెగుతుందా అని చూశారు. రోజూ వీపు మీద ట్యాంకు మోసి కొట్టే కూలీకి మొదటి ప్రశ్నే ముఖ్యం. 2017లో మహారాష్ట్ర యవత్మాళ్‌లో పత్తిచేలల్లో మందు కొడుతూ పీల్చి చనిపోయింది రైతులు, కూలీలే. పట్నంలో కూర తినేవాళ్లం కాదు. సేఫ్టీ గురించి మనం మాట్లాడేటప్పుడు ఆ మనిషి ఎక్కడా కనపడడు, నాకు కష్టంగా ఉంటుంది.

మీ వంకాయల సంగతి. రెండు మూతలు అన్నారు. కూల్‌డ్రింక్ మూతలో ఐదు మిల్లీలీటర్ల పైనే పడుతుంది, రెండంటే పది. ఇలాంటి ఈసీ మందులు లీటరు నీటికి రెండు మిల్లీలీటర్ల చుట్టుపక్కల వాడతారు. మీరు ఐదు రెట్లు కొట్టారు. రెండో రోజున కోశారు. లేబుల్ ఉంటే దాని మీద "ఆఖరి పిచికారీకీ కోతకీ మధ్య ఇన్ని రోజులు" అని ఉండేది. కొన్ని మందులకి అది మూడు రోజులే, కొన్నిటికి ఇరవై దాటుతుంది. అదే మందుకి వంగకి ఒకటి, బెండకి ఒకటి. ఆ గడువులో ఎండ, మొక్క ఎదుగుదల కలిసి మందుని విరిచేస్తాయి. మీరు తిన్న కూరలో హద్దుకన్నా ఎక్కువే ఉండి ఉంటుంది, దాచను. కానీ ఇలాంటి మందులతో వచ్చే విషం మామూలుగా కొన్ని గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో బయటపడుతుంది. పది రోజులైంది, అందరూ బాగున్నారు. ఆ పూట గడిచిపోయినట్టే. మీకు మనసు ఆగకపోతే బాబుని ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించి జరిగింది చెప్పండి. ఇప్పుడు మొక్క మీదున్న కాయలన్నీ కోసి పారేయండి, ఎరువు గుంటలో వేయకండి. మూడు వారాల తర్వాత కొత్తగా కాసినవి తినండి. ఇంకొకటి, మేడ మీద మీ సింటెక్స్ ట్యాంకు మూత ఆ రోజు సరిగ్గా ఉందా? మధ్యాహ్నం సముద్రపు గాలికి తుంపర్లు ఎటు పోతాయో మన చేతిలో ఉండదు. మూత పగిలి ఉంటే ట్యాంకు ఖాళీ చేసి కడిగించండి. తీగ మీద ఆరేసిన బట్టలుంటే మళ్లీ ఉతకండి.

ఇంతా చేసి ఆ మందు వల్ల మీకు ఒరిగిందేమీ లేదు. వంకాయ పుచ్చుకి కారణం కొమ్మ, కాయ తొలుచు పురుగు. గుడ్డు పగిలిన కొద్ది గంటల్లోనే అది కొమ్మ చివర్లోకో కాయలోకో దూరిపోతుంది. లోపల కూర్చున్నదానికి మీరు పైన చల్లింది తగలదు. రోజూ పొద్దున్న ఒక చుట్టు తిరిగి చూడండి. నీళ్లు పోసినా తల వాల్చిన లేత కొమ్మ కనిపిస్తే, ఒక అంగుళం కిందికి తుంచి చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు పురుగు ఉంటుంది. తుంచినవన్నీ ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేయండి. పుచ్చు కాయల్ని కూడా అంతే, మొక్క కింద వదిలేస్తే అక్కడే రెక్కల పురుగై మళ్లీ గుడ్లు పెడుతుంది. పది పదిహేను కుండీలకి ఇదే సరిపోతుంది. దీనికి తోడు లింగాకర్షక బుట్ట, అంటే ఆడపురుగు వాసనతో మగపురుగుల్ని పిలిచి పట్టేది, ఒకటి కట్టొచ్చు. తెల్లదోమకి పసుపు రంగు జిగురు అట్టలు. పేనుబంకకీ పిండినల్లికీ గట్టిగా నీళ్లు కొట్టి, తర్వాత వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, నూనె కలవడానికి రెండు చుక్కల సబ్బునీళ్లు, సాయంత్రం పూట, ఆకుల అడుగున. అక్షింతల పురుగులు కనిపిస్తే ఏమీ కొట్టకండి, పేనుబంకని అవే తింటాయి. వేపగింజల కషాయం చేసుకునే ఓపికుంటే గింజల పప్పు పొడి 50 గ్రాములు గుడ్డలో మూటగట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండండి. ఆ రోజే వాడేయాలి.

రైతుబజారు కూరగాయల గురించి అడిగారు. ఆనందపురం, పద్మనాభం, కె.కోటపాడు వైపు నుంచి వచ్చేవాటిలో ఏది ఎంత కొట్టారో చూపుతో పట్టలేం. పుచ్చున్న కాయ మందు కొట్టనిదని కొందరు ఏరుకుంటారు. మీ వంకాయలు చూశాక ఆ మాట ఎలా నమ్ముతారు? పైన అంటుకుని ఉన్న మందు కడిగితే చాలామటుకు పోతుంది. కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడగండి. ఆ తర్వాత లీటరు నీళ్లకి 20 గ్రాముల ఉప్పు, అంటే నాలుగు చెంచాలు, వేసి పది పదిహేను నిమిషాలు ఉంచి మళ్లీ మంచినీళ్లతో కడిగేయండి. వంటసోడా కూడా పనికొస్తుంది. 2017లో అమెరికాలో మాసచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆపిల్ పళ్ల మీద చూస్తే 12 నుంచి 15 నిమిషాల్లో తొక్క పైనున్న మందు పోయింది. తొక్కలోకి ఇంకిపోయినది మాత్రం పోలేదు. మొక్క తాగేసే మందుల్ని, ఇమిడాక్లోప్రిడ్ లాంటివాటిని, ఏ ఉప్పూ కడగలేదు. అక్కడ రైతు గడువు పాటించడం ఒక్కటే దిక్కు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కూరగాయలు కడుగుతున్నారని ఈమధ్య వింటున్నాను, అది మానేయండి, ఒక కెమికల్ తీసి ఇంకోటి పూసినట్టు. కాలీఫ్లవర్‌ని విడదీసి కడగండి. కరివేపాకు విషయంలో ఇంకాస్త ఓపిక పెట్టండి, యూరప్ వాళ్లు మన కరివేపాకుని ప్రత్యేకంగా తనిఖీ చేసే సరుకుల్లో పెట్టింది ఊరికే కాదు. మీకెలాగూ కుండీలున్నాయి, ఒక కరివేపాకు మొక్క వేసుకోండి. భయపడి కూరగాయలు తగ్గించడం మాత్రం వద్దు.

మీరు అడగకపోయినా ఇంట్లో ఇంకో రెండు చూసుకోండి. ఒకటి, బియ్యం డ్రమ్ములో వేసే మాత్రలు. అల్యూమినియం ఫాస్ఫైడ్, 3 గ్రాముల మాత్ర. గాలిలో తేమ తగిలితే ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. మన ఊరి గాలిలో తేమకేం కొదువ! దానికి విరుగుడు మందు లేదు. గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సింది, మనుషులు పడుకునే ఇంట్లో ఉండనే కూడదు. బియ్యానికి వేపాకు, ఎండుమిరపకాయలు, కందిపప్పుకి ఆముదం పట్టించడం, అవి చాలు. రెండోది బీరువాలోని కలరా ఉండలు. పిల్లాడు పిప్పరమెంటు అనుకుని చప్పరిస్తాడు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువున్న పిల్లలకి వాటి వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

ఎప్పుడైనా ఒంటి మీద మందు పడితే బట్టలు విప్పేసి సబ్బుతో బాగా కడగాలి, కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్లు. మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు, పాలు, మజ్జిగ ఏవీ పట్టొద్దు. 108కి ఫోను చేసి కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని పెద్దాసుపత్రికో పోవాలి, చేతిలో ఆ డబ్బా ఉండాలి. ఏ మందో తెలిస్తే డాక్టరుకి సగం పని తప్పుతుంది. పేరులేని సీసా పట్టుకెళ్తే వాళ్లు లక్షణాలు చూసి ఊహించాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, డబ్బులు పడవు. ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించుకోండి.

ఇక మీ అత్తగారి బూడిద. కట్టెల బూడిద జల్లెడ పట్టి, పొద్దున్నే ఆకు మీద మంచు ఉండగా చల్లితే బీరపాదు మీద, బెండ లేతాకుల మీద పేనుబంకకి పనిచేస్తుంది. ఆవిడ మాటలో నిజముంది. ఎక్కువేస్తే కుండీలో మట్టి సున్నంలా అయిపోతుంది, నెలకి ఒకసారి గుప్పెడు చాలు. కాయ లోపల ఉన్న పురుగుకి మాత్రం బూడిదా తగలదు, మీ సీసా మందూ తగలదు. ఆ విషయంలో అత్తాకోడళ్లిద్దరూ సమానమే. పొద్దున్న వంగ కొమ్మలు తుంచే పని ఆవిడకి అప్పగించి చూడండి, మీకన్నా ముందు ఆవిడే పట్టేస్తారు.